పౌలు నడిపిన మారుతి

వెంకటనర్సయ్య సేటు మారుతి కారుకు పేరు రాయించుకున్న సంగతి ఆయన రైసుమిల్లులో అందరూ మరిచిపోయారు. ఢిల్లీ పక్కన కొత్త కార్ల ఫ్యాక్టరీ పెట్టారని, ఇంజను జపాను వాళ్లదట అని, దేశమంతా జనం ఎగబడి పేర్లు రాయించుకుంటున్నారని పేపర్లో వస్తే, అందరితో పాటు సేటూ రాయించాడు. ఆ తరువాత వడ్ల సీజన్లు వచ్చాయి, పోయాయి. కారు మాత్రం రాలేదు. దాన్ని మరిచిపోనివాడు డ్రైవర్ పౌలు ఒక్కడే. టీ హోటల్లో పేపరు చేతికొస్తే ముందు మారుతి బొమ్మ ఎక్కడన్నా ఉందా అని వెతికేవాడు.

మిర్యాలగూడలో అప్పటికి కారంటే అంబాసిడర్, కాకుంటే ఫియట్. సేటు అంబాసిడర్‌ను పౌలు మీసాలు మొలిచిన నాటి నుంచీ నడుపుతున్నాడు. ఎండాకాలం రేడియేటర్ మరిగేది. చలికాలం పొద్దున్నే హమాలీలు వెనక నుంచి నెడితే గానీ కదిలేది కాదు. స్టీరింగు తిప్పితే రోలు తిప్పినట్టు ఉండేది. అయినా పౌలుకు ఆ బండి మీద కోపం లేదు. కాకపోతే కొత్తదాని మీద ఆశ ఉండేది.

ఎనభై అయిదు ఎండాకాలంలో కబురొచ్చింది. సేటూ పౌలూ బస్సెక్కి పట్నం పోయారు. షోరూంలో నిలబెట్టిన కారును చూసి సేటు మొహం చిన్నబోయింది.

"ఇంతేనా పౌలూ? ఇంతదానికేనా ఇన్నేండ్లు ఆగినం?"

తెల్లటి చిన్న బండి. మూలలు పలక తీరుగా కోసినట్టున్నాయి. వెనక డిక్కీ అని వేరే లేదు, వెనక అద్దమే తలుపులా పైకి లేస్తుంది. పౌలు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. చప్పుడేమీ రాలేదనుకుని మళ్లీ తిప్పాడు. బర్రుమని అరిచింది బండి. షోరూం అతను నవ్వాడు.

"స్టార్ట్ అయ్యే ఉంది అన్నా. మళ్ల తిప్పకు."

ఆ మాట పౌలు బతికినంత కాలం చెప్పుకున్నాడు. నడుస్తున్న ఇంజనును నడుస్తలేదనుకున్నానని, అంత మెత్తగా ఉండెనని.

సూర్యాపేట మార్కెట్లో సేటుకు పని ఉండి అటే వచ్చారు. దారి పొడుగునా పౌలు చెయ్యి గేరు మీదనే ఉంది. ఏ ఎత్తుకైనా బండి నోరెత్తకుండా ఎక్కుతుంటే అతనికి నవ్వొస్తోంది. పక్కన సేటు మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, "అగ్గిపెట్టెల కూసున్నట్టుందిరా" అని సణుగుతున్నాడు. మార్కెట్లో జనం మూగారు. ఒక హమాలీ సరదాకు వెనక బంపరు కింద చెయ్యేసి చూశాడు, ఇంకొకడు తోడొచ్చాడు, వెనక చక్రాలు నేల విడిచాయి. సేటు అరిచాడు. అందరూ నవ్వారు.

పౌలు తల్లి ముత్తమ్మ సూర్యాపేటలోనే ఉండేది. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. పొయ్యి పొగకు పోయిందని వాడంతా అనుకునేది, ఆమే అలాగే అనుకునేది. సేటు పర్మిషన్‌తో పౌలు ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి చర్చి దాకా తిప్పాడు.

"ఇంక కదలలేదారా బండి?" అంది ముత్తమ్మ.

"కదిలి చర్చి కాడికొచ్చినమే అమ్మా!"

"అబ్బో" అని ముసలమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

రెండేళ్లు తిరగకుండానే మారుతి రూపం మార్చింది. కొత్త మోడల్‌లో మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి, ముక్కు కొంచెం కిందికి వంగింది, లోపల కాళ్లు చాపుకోవడానికి జాగా పెరిగింది. సేటు పాతదాన్ని కోదాడలో ఒక కాంట్రాక్టరుకు ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాడు. పాత బండిని అప్పజెప్పి బస్సులో తిరిగొచ్చిన రోజు పౌలు అన్నం సరిగా తినలేదు. భార్య జానమ్మ పక్కున నవ్వింది.

"బిడ్డను అత్తగారింటికి పంపినట్టే చేస్తున్నవ్."

జానమ్మ మిర్యాలగూడ సర్కారు దవాఖానలో ఆయా. వాళ్లకు ఒక్కడే కొడుకు, దానియేలు. అప్పటికి హైస్కూలులో చదువుతున్నాడు.

కొత్త బండికి లైట్లు మంచిగా లేవని పౌలుకు మొదట అనిపించింది. పొద్దంతా ఏ బాధా ఉండేది కాదు. పొద్దు గూకితే రోడ్డు అంచులు కరిగిపోయేవి. బల్బులు మార్పించాడు. అద్దాలు నిమ్మకాయతో తోమాడు. సూర్యాపేటలో కార్ల కరెంటు పని చేసే మైసయ్య దగ్గరికి తీసుకుపోతే, అతను లైట్లేసి చూసి గోడ మీద వెలుతురు చూపించాడు.

"లైటు పట్టపగలు లెక్క ఉంది పౌలన్నా. ఇంకేం గావాలె?"

"గోడ మీద మంచిగనే ఉంటది మైసయ్యా. రోడ్డు మీదకొస్తెనే ఏమైతదో."

మైసయ్య అతని మొహంలోకి చూశాడు.

అప్పటి నుంచి పౌలు ఉపాయాలు పట్టాడు. ముందు పోయే లారీ వెనక ఎర్ర లైటు పట్టుకుని పోయేవాడు. లారీ లేకుంటే రోడ్డు పక్క కంకర చప్పుడు విని బండిని లోపలికి లాక్కునేవాడు. సేటు పని మీద కోదాడ పోయినప్పుడు, "ఎండ ఉండంగనే బయల్దేరుదాం సేటూ, వాన మబ్బు పట్టింది" అని తొందరపెట్టేవాడు. మబ్బు ఉన్నా లేకున్నా అదే మాట.

ఒకనాడు కోదాడలో బేరం తెగక పొద్దు వాలింది. హుజూర్‌నగర్ దాటాక రోడ్డు మీద మసక కమ్ముకుంది. సేటు ఏదో చెబుతున్నాడు, పౌలు ఊఁ కొడుతున్నాడు. ఉన్నట్టుండి సేటు, "ఆపు, ఆపు!" అని స్టీరింగు మీదికి దూకాడు. బండి ఒరిగి గరగరమని రాసుకుంటూ పోయి ఆగింది. కారంతా వరిగడ్డి. ముందు పోతున్న గడ్డి బండి వెనక భాగంలోకి కారు సగం దూరింది. ఎద్దులకేమీ కాలేదు. గడ్డి మీద పడుకున్న పిల్ల కింద పడి ఏడుపు లంకించుకుంది గానీ దెబ్బ తగల్లేదు. బండి మనిషి పిల్లను ఎత్తుకుని ఒళ్లంతా తడుముతున్నాడు.

"అంత పెద్ద గడ్డి బండి నీకు కనవడలేదారా?" అన్నాడు సేటు.

"కునుకు పట్టింది సేటూ."

"ఊఁ కొడుతనే ఉంటివి గదరా ఇప్పటిదాంక!"

పౌలుకు పిల్ల ఏడుపు ఎటు నుంచి వస్తోందో చెవులకు తెలుస్తోంది, కళ్లకు తెలియడం లేదు. చేతులు రెండూ స్టీరింగు మీది నుంచి తీసేశాడు.

సేటు మంచివాడు. మాటలు పరుషంగా ఉన్నా, తనే పౌలును పట్నంలో పెద్ద కంటి దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చాలాసేపు చూసి, "మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?" అని అడిగాడు. పౌలు తల్లి సంగతి చెప్పాడు. పొయ్యి పొగ అని కూడా చెప్పాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఇది రేచీకటితో మొదలవుతుందని, పక్క చూపు తగ్గుతూ వస్తుందని, కొన్నాళ్లకు గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందని, చివరికి ఆ గొట్టం కూడా మూసుకుంటుందని, దీనికి మందు లేదని నెమ్మదిగా చెప్పాడు.

"పగటి పూట నడపొచ్చునా సారూ?" అని అడిగాడు పౌలు.

"ఇగ బండి ముట్టొద్దు."

పిల్లల్ని కూడా చూపించమన్నాడు డాక్టరు. ఆ నెలలోనే బడిలో కంటి క్యాంపు పెడితే జానమ్మ దానియేలును తీసుకుపోయింది. వాడు గోడ మీది అక్షరాలన్నీ కింది వరస దాకా గడగడ చదివాడు. "ఇప్పటికైతే ఏం లేదమ్మా" అన్నాడు క్యాంపు డాక్టరు. జానమ్మ దారి పొడుగునా దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ ఇంటికొచ్చి, "ఏం లేదంటయ్యా!" అని మొగునికి చెప్పింది. 'ఇప్పటికైతే' అన్న ముందు మాట ఎవరి మనసులోనూ నిలవలేదు.

తాళం ఇచ్చే రోజు పౌలు కారును నీళ్లతో కడిగాడు, తడి గుడ్డతో తుడిచాడు, సీట్ల కింద దుమ్ము దులిపాడు. సేటు గడప దగ్గర నిలబడి చూశాడు గానీ ఆపలేదు. తాళం చేతిలో పెడుతుంటే మాత్రం, "మిల్లు గేటు కాడ కూసో పౌలూ. నిన్ను ఏడికి పంపిస్త?" అన్నాడు.

గేటు దగ్గర కుర్చీలో కొన్నేళ్లు గడిచాయి. మొదట మనుషులు పక్కల నుంచి మాయమై ఎదురుగా ఊడిపడేవాళ్లు. ఆ తరువాత ఎదురుగా ఉన్నవాళ్లూ ముక్కలు ముక్కలుగా కనిపించేవాళ్లు, ఒకసారి ముక్కు, ఒకసారి చెయ్యి. తొంభై రెండు వానాకాలానికి వెలుతురు, చీకటి తప్ప ఇంకేమీ మిగల్లేదు. ముత్తమ్మ ఆ ఏడే పోయింది. కొడుక్కు కూడా చూపు పోయిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పౌలుకు చెవులు మిగిలాయి. మిల్లు రోడ్డు మీద పోయే బండ్లను చప్పుడుతో పోల్చుకునేవాడు. పాత మారుతులు ఊళ్లో ఇంకా ఒకటి రెండు తిరిగేవి, తలుపు వేస్తే డబ్బా మూత వేసినట్టుండేది. రెండో మోడల్ తలుపు కాస్త బరువుగా పడేది. ఎప్పుడన్నా మైసయ్య సూర్యాపేట నుంచి వస్తే ఇద్దరూ ఆ ముచ్చటే పెట్టుకునేవాళ్లు.

దానియేలు చదువు పదో తరగతితో ఖతం అయింది. వాడికి బండి పిచ్చి. పౌలే మిల్లు మైదానంలో సేటు కారు మీద వాడికి నేర్పాడు. పక్క సీట్లో కూర్చుని చెవితో వింటూ నేర్పాడు.

"క్లచ్చి నలుగుతుంది. కాలు తియ్యి. ఇంజను ఏడుస్తుంది, ఇనవడ్తలేదా? కింది గేరెయ్యి."

కొడుకు చెయ్యి కుదిరిన రోజు, బండి కుదుపు లేకుండా మైదానం చుట్టూ తిరిగిన రోజు, పౌలు ఏడ్చాడు. చూపు పోతుందని డాక్టరు చెప్పిన నాడు కూడా ఏడవలేదు.

దానియేలు కోదాడలో సోమయ్య అనే కిరాయి కార్ల ఆయన దగ్గర చేరాడు. మారుతి వాళ్లు జెన్ అని కొత్త బండి తెచ్చాక సోమయ్య ఒకటి కొన్నాడు. దాన్ని దానియేలు చేతికే ఇచ్చాడు. వాడు త్రిపురారం కిరాయి దింపి వస్తూ బండిని నేరుగా ఇంటి ముందుకు తెచ్చి, తండ్రి చెయ్యి పట్టుకుని కారు ముక్కు మీద పెట్టాడు.

"సూడు నాయినా."

పౌలు రెండు చేతులతో చూశాడు. బానెట్ మీద, లైట్ల మీద, అద్దం వాలు మీద, పైకప్పు మీద. మొదటి బండికి అరచెయ్యి ఎక్కడికక్కడ మూలల దగ్గర ఆగేది. రెండోదానికి జారి ఆగేది. దీనికి ఎక్కడా ఆగలేదు, నీటి మీద జరిగినట్టు జరిగిపోయింది.

"మూల అన్నదే లేదు గదరా దీనికి!"

"అయిదో గేరు గూడ ఉంది నాయినా."

"రంగేంది?"

"పచ్చది" అంది జానమ్మ. "గోరింటాకు నూరినంక ఎట్లుంటదో గట్ల."

ఆ సాయంత్రం పౌలు వీధిలో ఎవరు పోయినా పిలిచి, మా వాడి బండి చూశారా అని అడిగాడు.

తొంభై ఎనిమిది డిసెంబరులో ఆత్మకూరులో జానమ్మ అన్న కూతురి పెళ్లి అయింది. దానియేలు సోమయ్యను అడిగి బండి తెచ్చి తల్లిదండ్రులను తీసుకుపోయాడు. వాడికీ ఆ పెళ్లిలో సంబంధం మాట కదిలింది. కోదాడ వైపు పిల్ల, టీచర్ ట్రైనింగు చదివింది. జానమ్మ సంతోషంగా ఉంది. బయల్దేరేసరికి చర్చిలో పాటలు, భోజనాలు, మాటలు అయి పొద్దు కిందికి దిగింది.

సూర్యాపేట దాటారు. జానమ్మ వెనక కూర్చుని పిల్ల గురించే మాట్లాడుతోంది. పౌలు ముందు సీట్లో ఉన్నాడు. కాసేపటికి అతను భార్య మాటలు వినడం మానేశాడు. ఎదురుగా బండేదీ రావడం లేదు, అయినా కొడుకు కాలు ఊరికే బ్రేకు మీదికి పోతోంది. గేరు తగ్గుతోంది, పెరుగుతోంది. ఎడమ చక్రం కంకర తొక్కి, ఉలిక్కిపడ్డట్టు లోపలికి వచ్చింది. మళ్లీ తొక్కింది.

"అమ్మా, ముందట సైకిల్ గిట్ల ఉందా?" అన్నాడు దానియేలు నవ్వుతున్నట్టు. "నీ కండ్లు మంచిగున్నయో లేవో సూద్దాం."

"ఏం లేదురా, ఖాళీగనే ఉంది."

పౌలు చెయ్యి చాపి కొడుకు మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి కట్టెలా బిగుసుకుని ఉంది.

"బండి ఆపు దానీ."

"ఏంది నాయినా?"

"పక్కకు తీసి ఆపు."

బండి ఆగింది. ఇంజను నడుస్తూనే ఉంది. పౌలు తడిమి తాళం తిప్పి ఆర్పాడు.

"ఎప్పటిసంది?"

"ఏం ఎప్పటిసంది? లైట్లు సరిగ లేవు, రేపు మైసయ్య కాకకు చూపించాలె."

జానమ్మకు కూడా అప్పుడు అర్థమైంది. చేతిలో ఉన్న పూల పొట్లం కింద పెట్టి, కొడుకు భుజం మీద చెయ్యేసింది. వాడు స్టీరింగుకు తల ఆనించి, "రెండేండ్లయింది" అన్నాడు.

జానమ్మ దిగి, కారును రోడ్డు పక్క టీ హోటల్ ఆయనకు అప్పజెప్పి, రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపింది. బస్సు వచ్చి ఆగింది. ముగ్గురూ ఎక్కారు. ఒక చేత్తో మొగుణ్ని, ఒక చేత్తో కొడుకును పట్టుకుని మెట్లెక్కించింది జానమ్మ.

పట్నం దవాఖానలో డాక్టరు మారాడు గానీ మాటలు మారలేదు. ఇది మనిషి నుంచి మనిషికి దిగే రోగమని, కొందరికి చిన్నప్పుడు కనిపించదని, ఈడొచ్చాక బయటపడుతుందని చెప్పాడు. దవాఖాన బయట చెట్టు కింద దానియేలు ఒక్కసారిగా తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

"నాకేమన్న ఇచ్చినవా అంటే ఇదొక్కటే ఇచ్చినవ్ నాయినా! బండి నేర్పినవ్, మళ్ల ఇది గూడ ఇచ్చినవ్!"

"నోరు మూస్తవా లేదా?" జానమ్మ కొడుకు చెంప మీద కొట్టింది. "ఆయన సేతుల ఉంటే నీకిచ్చునా? అయ్యో, ఆయన సేతుల ఉంటే..." ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

పౌలు నిలబడే ఉన్నాడు. తన తల్లినీ తను ఇట్లాంటి మాట అనగలిగి ఉండేవాడేమో, కానీ ఆమె సంగతి తెలియకుండానే పోయింది.

కోదాడ వాళ్లకు సంబంధం వద్దని జానమ్మే కబురు పెట్టింది. దానియేలు ఇంట్లో పడుకుని గోడ వైపు తిరిగి ఉండేవాడు. తిండి పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. పగలు చూపు ఇంకా బాగానే ఉంది, అయినా బయటికి అడుగు పెట్టలేదు. క్రిస్మస్ పోయింది. కొత్త సంవత్సరం పోయింది.

ఒకనాడు మధ్యాహ్నం పౌలు గోడ తడుముకుంటూ వచ్చి కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"దానీ, నాకు సెప్పుడు రాదు. ఒక్కటే చెప్త. నేను చూపున్నన్నొద్దులు రోడ్డే సూసిన. బండే సూసిన. ఇప్పుడు కండ్లు మూసుకుంటే సూర్యాపేట కాంచి కోదాడ దాంక ఏ మలుపు యాడుందో కనవడ్తది. గాని మీ అమ్మ మొకం యాదికి రాదురా. నడుమ ఎట్లనో మాసిపోయింది. ఎంత యాది చేసుకున్నా రాదు. నీదైతే పిల్లగాని మొకమే ఉంది, మీసాలతోని నువ్వెట్లున్నవో నాకెరుక లేదు."

దానియేలు గోడ వైపే తిరిగి ఉన్నాడు.

"నీకు ఇంక టైముంది. గోడను సూడకు. లేచి మనుషులను సూడు. మీ అమ్మను సూడు."

వంటింట్లో జానమ్మ చేతిలో గిన్నె అలాగే ఆగింది. మంచం కిర్రుమంది. దానియేలు లేచి కూర్చుని, వంగి తండ్రి చేతిని తీసుకుని తన మొహం మీద పెట్టుకున్నాడు. మీసాలు, పెరిగిన గడ్డం, తడి. పౌలు వేళ్లు నెమ్మదిగా అన్నీ చూశాయి.

"మీ నాయనమ్మ ముక్కేరా నీది" అన్నాడు.

ఆ మరుసటి వారం సోమయ్య స్వయంగా మిర్యాలగూడ వచ్చాడు. వెంట కొత్త డ్రైవరు ఉన్నాడు. సోమయ్య బండి గురించి ఒక్క మాటా ఎత్తకుండా అరుగు మీద కూర్చుని నీళ్లు తాగాడు.

"ఏం దానియేలూ, ఇంట్లో కూర్చుంటే ఎట్లాగయ్యా? మా షెడ్డులో ఫోను పెట్టించాను. కిరాయిలకు ఫోన్లు వస్తున్నాయి, మాట్లాడేవాడు లేడు. ఏ బండి ఏ రోడ్డుకు పంపాలో నీకంటే ఎవరికి తెలుసు? వచ్చి కూర్చో."

"ఎన్నొద్దులు కూసుంట సోమయ్యగారూ? ఆ తర్వాత?"

"ఫోను చెవితోనే కదయ్యా మాట్లాడేది."

దానియేలు తల్లి వైపు చూశాడు. ఆమె అప్పటికే వాడి చొక్కా ఉతికి మడత పెట్టి ఉంచింది. వాడు తొడుక్కుని బయటికి వచ్చి, అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికి పోయి, ఆగి, చుట్టూ తిరిగి వెనక తలుపు తీశాడు. ఆ నాలుగు అడుగులూ పౌలు విన్నాడు.

కొత్త డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. అద్దం దిగిన చప్పుడైంది.

"నాయినా, పొద్దు గూకక ముందే వస్త."

"మంచిది బిడ్డా" అన్నాడు పౌలు.

బండి మలుపు తిరిగేదాకా జానమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. ఇద్దరికీ అన్నం వడ్డించాల్సి ఉంది, కానీ కాసేపు లేవలేదు.